కలియుగ భీముడు కోడి రామమూర్తి: బలాన్ని సాధనగా మలచుకున్న వీరఘట్టం బిడ్డ

వీరఘట్టం (పార్వతీపురం మన్యం జిల్లా): ఛాతీపై ఏనుగును నిలుపుకున్న మనిషిగా, రెండు మోటారు కార్లను తాళ్లతో పట్టి ఆపిన బలశాలిగా కోడి రామమూర్తి నాయుడి పేరు ఉత్తరాంధ్రలో తరతరాలుగా మారుమోగుతోంది. విశాఖ సాగరతీరంలో ఆయన విగ్రహం వెలసింది. శ్రీకాకుళంలోని క్రీడామైదానం ఆయన పేరనే ఉంది. ఊళ్లో ఒళ్లు చేసిన కుర్రవాడు కనిపిస్తే కోడి రామమూర్తితో పోల్చే అలవాటు పెద్దవారిలో నేటికీ పోలేదు. అయితే ఆ ఖ్యాతి వెనుక ఉన్న సాధన ఎటువంటిదో, ఆ దేహం ఆయన చేతిలో ఎలా రూపుదిద్దుకున్నదో, చివరకు దాని గతి ఏమైందో తెలిసినవారు తక్కువ. వ్యాయామశాలలో అడుగుపెట్టిన నెలలోనే కండలు రావాలని ఆరాటపడుతున్న నేటి యువతకు ఆయన జీవితంలో నేర్చుకోదగినది ఎంతో ఉంది.

తల్లి లేని బాల్యం

19వ శతాబ్ది తొమ్మిదో దశకంలో వీరఘట్టంలో రామమూర్తి జన్మించారు. తండ్రి వెంకన్న నాయుడు. పసితనంలోనే తల్లి కన్నుమూయడంతో ఆలనాపాలనా తండ్రిపైనే పడింది. నాడు ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలో భాగం. శ్రీకాకుళం జిల్లా ఏర్పడినది 1950లో. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా ఆయన మావాడేనన్న అభిమానం మాత్రం మూడు జిల్లాల ప్రజలలోనూ చెక్కుచెదరలేదు.

వీరఘట్టం సమీపాన ఉన్న రాజచెరువు గట్టుకు బాలుడైన రామమూర్తి ప్రతిరోజూ ఉదయాన్నే వెళ్లి వ్యాయామం చేసేవాడని ఊరివారు చెప్పుకుంటారు. అక్కడ తారసపడిన ఒక సాధువు ఆయనకు శ్వాసను బంధించే విద్య నేర్పాడన్న కథ తరతరాలుగా ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, ఊపిరిపై పట్టు సాధించడం ఆయన జీవితమంతటికీ పునాదిగా నిలిచింది. తర్వాతి కాలంలో ఆయన చేసిన ప్రతి ప్రదర్శనకూ మూలం అదే. జీవిత చరమాంకంలో ఎదురైన ఘోర పరీక్షలో ఆయనకు తోడుగా నిలిచినదీ అదే.

విజయనగరం తాలింఖానా

కుమారుడికి చదువు అబ్బాలన్న తలంపుతో తండ్రి ఆయనను విజయనగరంలో ఉంటున్న పినతండ్రి నారాయణస్వామి వద్దకు పంపించారు. నాటి విజయనగరం కళలకు కాణాచి. గురజాడ అప్పారావు, ఆదిభట్ల నారాయణదాసు వంటి మహనీయులు సంచరించిన వీధులవి. సంగీత సాహిత్యాలతో పాటు కుస్తీకి, సాము గరిడీలకు కూడా ఆ పట్టణంలో ఆదరణ ఉండేది. చదువుకోసం వచ్చిన రామమూర్తి మనసు పుస్తకాల కంటే వ్యాయామశాల వైపే మొగ్గింది. అక్కడే ఆయన దేహదారుఢ్యాన్ని పెంచుకున్నారు. కుస్తీ పట్లు నేర్చుకున్నారు.

నాటి తాలింఖానాలలో నేటి యంత్రాలేవీ లేవు. సాధకుడి ఒంటి బరువే ప్రధాన సాధనం. దండీలు, బస్కీలు తీయడంతో రోజు మొదలయ్యేది. దండీతో ఛాతీ, భుజాలు, చేతులు గట్టిపడతాయి. బస్కీతో తొడలు, పిక్కలు, నడుము బలపడతాయి. లోడీలు, గదలు తిప్పడం వల్ల భుజాల కీళ్లు సులువుగా కదులుతాయి, మణికట్టుకు పట్టు వస్తుంది. గోదాలోని మట్టిని పారతో తవ్వి గుల్ల చేయడం కూడా వ్యాయామంలో భాగమే. ఆ తర్వాతనే జోడీ పట్టి కుస్తీ. ఉత్తరాంధ్ర పల్లెల్లో యువకులు పోటీలు పడి ఎత్తే సంగిడీ రాళ్లు కూడా ఇటువంటి సాధనాలే.

ఈ పద్ధతిలో ఒక మేలు ఇమిడి ఉంది. ఒంటి బరువును అదుపులో ఉంచుకోని సాధకుడు దండీలు, బస్కీలు ఎక్కువ సంఖ్యలో తీయలేడు. ఒళ్లు పెరిగితే ఊపిరి అందదు. బక్కచిక్కితే గోదాలో నిలబడలేడు. అందువల్ల బరువు, బలం, ఊపిరి మూడూ ఒకదానితో ఒకటి సరితూగుతూ పెరగవలసి వచ్చేది. కుస్తీలో చురుకుదనం, బరువులు ఎత్తడంలో నిలకడ, కసరత్తులో ఒడుపు వేర్వేరు గుణాలు. ఇవన్నీ ఒకే దేహంలో పెంపొందించుకోవడం వల్లనే రామమూర్తి మల్లయోధుడిగా, బలప్రదర్శకుడిగా, వ్యాయామ శిక్షకుడిగా మూడు రంగాలలోనూ రాణించగలిగారు.

ఇరవై ఒక్క ఏళ్లకు ఒకటిన్నర టన్ను

ఇరవై ఒక్క ఏళ్ల వయసు వచ్చేసరికి రామమూర్తి తన ఛాతీపై ఒకటిన్నర టన్నుల బరువు మోయగలిగేవారని, తర్వాతి కాలంలో దానిని మూడు టన్నులకు పెంచారని ఆయన జీవితగాథను రాసినవారు పేర్కొన్నారు. ఈ రెండు అంకెల మధ్య గడచిన కాలమే అసలు పాఠం. చెరువు గట్టున బాల్యంలో మొదలైన సాధన యవ్వనం వరకు కొనసాగిన తర్వాత గానీ మొదటి మెట్టు అందలేదు. రెండో మెట్టుకు మరికొన్ని సంవత్సరాలు పట్టింది.

ఎదిగే వయసులో బలం పెరగడానికి కారణం కండ పెరగడం ఒక్కటే కాదని నేటి క్రీడావిజ్ఞానం చెబుతోంది. తొలి దశలో నరాలకు, కండరాలకు మధ్య పొందిక కుదురుతుంది. ఉన్న కండనే మెదడు మరింత సమర్థంగా పనిచేయిస్తుంది. ఆ తర్వాత కండ మందమవుతుంది. కండరాలను ఎముకలతో కలిపే స్నాయువులు గట్టిపడడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. కండ బలిసినంత వేగంగా స్నాయువు బలపడదు కనుకనే తొందరపడినవారికి భుజం, మోకాలు, నడుము దెబ్బతింటాయి. పూర్వపు వస్తాదులు ఈ శాస్త్రాన్ని చదవకపోయినా, శిష్యుడిని ఏళ్ల తరబడి ఒంటి బరువుతోనే సాధన చేయించడం వల్ల ఫలితం అదే వచ్చేది.

బడిలో వ్యాయామ గురువు

బలాన్ని ప్రదర్శించడంతోనే రామమూర్తి తృప్తి చెందలేదు. దానిని పిల్లలకు నేర్పే అర్హత కూడా సంపాదించాలని మద్రాసు వెళ్లారు. ఏడాది పాటు వ్యాయామ శిక్షణ పొంది విజయనగరం తిరిగివచ్చి, తాను చదువుకున్న పాఠశాలలోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు. హెచ్.సి.బక్ మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాలను 1920లో నెలకొల్పారు. దానికి ఎంతో ముందే ఒక తెలుగు యువకుడు ఈ విద్యను వృత్తిగా ఎంచుకోవడం గమనార్హం.

ఆ రోజుల్లోనే జర్మనీలో పుట్టి ఇంగ్లాండులో పేరు గడించిన బలశాలి యూజిన్ శాండో భారతదేశంలో పర్యటించారు. 1905 ప్రాంతంలో జరిగిన ఆ పర్యటన దేశమంతటా దేహదారుఢ్యంపై ఆసక్తిని రేకెత్తించింది. చేతుల్లేని లోచొక్కాను మనవారు నేటికీ శాండో బనియన్ అని పిలవడం ఆ పేరుకు గల ప్రాచుర్యానికి నిదర్శనం. 1910లో గామా లండన్ వెళ్లి ఐరోపా మల్లులను ఎదుర్కొన్నారు. పరాయి పాలనలో ఉన్న జాతి తన బలహీనతను తలచుకుని కుమిలిపోతున్న కాలమది. ఆ 1910లోనే విజయనగరంలో గురజాడ తన దేశభక్తి గేయంలో ఒంటి బలాన్ని, మంచి తిండిని దేశగౌరవంతో ముడిపెట్టారు. రామమూర్తి ప్రదర్శనలకు జనం తండోపతండాలుగా తరలిరావడానికి వినోదం ఒక్కటే కారణం కాదు. భారతీయుడు బలహీనుడు కాడని కళ్లారా చూడాలన్న తపన కూడా ఉంది.

సర్కస్ డేరాలో సింహబలుడు

విజయనగరానికి చెందిన పొట్టి పంతులు సహకారంతో రామమూర్తి సర్కస్ సంస్థను ప్రారంభించారు. భారతీయుల ఆధ్వర్యంలో తొలి సర్కస్‌ను మహారాష్ట్రకు చెందిన విష్ణుపంత్ ఛత్రే 1880లో నెలకొల్పారు. ఆ బాటలో తెలుగు గడ్డపై పుట్టిన ఈ సంస్థ తొలుత తెలుగు జిల్లాలలో, ఆ తర్వాత మద్రాసులో, ఉత్తరాదిన ప్రదర్శనలిచ్చి పేరుతోపాటు ధనాన్నీ ఆర్జించింది.

డేరాలో ఆయన ప్రదర్శించే విద్యలు ప్రధానంగా మూడు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి, ఛాతీ విప్పార్చి తెంచడం మొదటిది. రెండు మోటారు కార్లకు కట్టిన తాళ్లను రెండు చేతులతో పట్టుకుని, చోదకులు ఎంత ప్రయత్నించినా కార్లను కదలనీయకపోవడం రెండోది. ఛాతీపై పలక పరిపించి ఏనుగును ఎక్కించుకోవడం మూడోది. నాటి రాజప్రతినిధి లార్డ్ మింటో కారును కూడా ఇలాగే ఆపి చూపించారని ప్రతీతి.

వీటి వెనుక మంత్రతంత్రాలు లేవు. దేహధర్మాన్ని ఎరిగిన నేర్పు ఉంది. పెరిగిన ఏనుగు టన్నుల కొద్దీ బరువు తూగుతుంది. పలక వేయడం వల్ల ఆ భారం ఒకేచోట పడక ఛాతీ, పొట్ట, తొడల మీదుగా విస్తరిస్తుంది. కొంత నేలకు మళ్లుతుంది. ఊపిరి నిండా గాలి పీల్చి బిగబట్టినప్పుడు ఛాతీ గూడు గాలి నింపిన బంతిలా గట్టిపడి పక్కటెముకలకు దన్నుగా నిలుస్తుంది. ఆ క్షణాన పట్టు సడలినా, ఊపిరి జారినా ఎముకలు నుగ్గు కావలసిందే. ఊపిరి బిగబట్టి బరువు మోసేటప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది కూడా. ఏళ్ల సాధన లేనివారు అనుకరిస్తే ప్రాణాంతకం. ప్రతి ప్రదర్శనలోనూ రామమూర్తి పణంగా పెట్టింది తన ప్రాణాన్నే.

బిరుదుల వెల్లువ

పూనాలో లోకమాన్య తిలక్ ఆయన ప్రతిభను మెచ్చి మల్లమార్తాండ బిరుదుతో సత్కరించారని చెబుతారు. భారతీయ బలాన్ని విదేశాలలో చాటి రమ్మని ప్రోత్సహించినవారు కూడా తిలకే. హైదరాబాదులోని ఆంధ్రులు జగదేకవీరుడని కొనియాడారు. అలహాబాదులో కాంగ్రెస్ మహాసభల సందర్భంగా పండిత మదనమోహన మాలవీయ ఆయనను ఆహ్వానించి ప్రదర్శన ఏర్పాటు చేశారని ప్రసిద్ధి. లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్‌గా పేరొందారు. తెలుగువారు మాత్రం ఆయనను కలియుగ భీముడని పిలుచుకున్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

స్పెయిన్‌లో వృషభ పోరాటాన్ని తిలకించడానికి వెళ్లిన రామమూర్తి, బరిలోకి దిగి ఎద్దు కొమ్ములు పట్టి వంచారన్న కథను పల్లెల్లో పెద్దలు నేటికీ ఉత్సాహంగా వినిపిస్తారు. బర్మాలోని రంగూన్‌లో ఆయనపై హత్యాయత్నం జరిగిందని, దేహబలంతోపాటు సమయస్ఫూర్తి వల్లనే బయటపడ్డారని మరో కథ. కీర్తి ఎంత దూరం పాకిందో అసూయ కూడా అంతే దూరం వెంటాడిందని ఈ కథలు చెబుతాయి.

శాకాహారమే బలం

విదేశీయులను అబ్బురపరచిన అంశం ఆయన ఆహారం. మాంసం ముట్టని మనిషికి ఇంత బలం ఎక్కడిదని వారు విస్తుపోయేవారు. రామమూర్తి పూర్తి శాకాహారి. ఆంజనేయస్వామిని కొలిచేవారు. ధ్యానం, ప్రాణాయామం ఆయన దినచర్యలో భాగం. మద్యం, పొగ వంటి వ్యసనాల జోలికి పోకపోవడం నాటి వస్తాదులకు గురువులు పెట్టే మొదటి నియమం.

శాకాహారంతో బలం పొందడం వింతేమీ కాదు. పాలు, పెరుగు, పప్పు దినుసులు, శనగలు, వేరుశనగ, చిరుధాన్యాలు తగు పాళ్లలో తీసుకుంటే కండకు కావలసిన మాంసకృత్తులు సమకూరుతాయి. పప్పులో కొరవడిన పోషకాలను ధాన్యం పూరిస్తుంది. ధాన్యంలో కొరవడిన వాటిని పప్పు పూరిస్తుంది. ఉత్తరాంధ్ర ఇళ్లలోని చోడి అంబలి, ఉలవచారు, పప్పన్నం ఈ సూత్రానికి సరిపోయే వంటకాలే. క్రమం తప్పక వ్యాయామం చేసే క్రీడాకారులకు ఒంటి బరువులో ప్రతి కిలోకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయని క్రీడాపోషణ నిపుణులు సూచిస్తున్నారు. 50 కిలోల పిల్లవాడికి ఇది 60 నుంచి 100 గ్రాములు. డబ్బాల పొడులు లేకుండానే ఇంటి తిండితో అందుకోగల మోతాదు ఇది. దానికి తోడు టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. కండ పెరిగేది కసరత్తు చేసే వేళ కాదు, విశ్రాంతి తీసుకునే వేళ.

కాలు పోయినా చెదరని గుండె

లక్షలు ఆర్జించినా రామమూర్తి చేతిలో ధనం నిలవలేదు. దానధర్మాలకు, విరాళాలకు, తనను ఆశ్రయించినవారి పోషణకు ఆర్జనలో ఎక్కువ భాగం ఖర్చయింది. సర్కస్ వైభవం కూడా క్రమేణా తగ్గింది. అటువంటి సమయంలో విధి ఆయనపై కత్తిగట్టింది. కాలిపై లేచిన పుండు మానలేదు. పుండు ముదిరి, కాలు తొలగిస్తే తప్ప ప్రాణం దక్కదన్న స్థితి వచ్చింది. ఏ తొడల బలంతో గోదాలో ప్రత్యర్థులను నిలువరించారో, ఏ పాదాలను నేలకు ఆనించి కార్లను ఆపారో, ఆ కాళ్లలో ఒకటి లేకుండా పోయింది.

శస్త్రచికిత్సకు మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో ఊపిరిని నిలిపి నిశ్చలంగా ఉండిపోయారని ఆయన చరిత్ర చెప్పేవారందరూ విధిగా ప్రస్తావిస్తారు. ఛాతీపై ఏనుగును మోయడానికి నేర్చిన విద్య చివరకు బాధను మోయడానికి అక్కరకు వచ్చింది.

కండబలం, ధనబలం రెండూ జారిపోయిన ఆ మహాబలుడిని చివరి రోజుల్లో ఒడిశాలోని పట్నా సంస్థానాధీశులు ఆదరించారు. ఆ సంస్థాన రాజధాని బలాంగీర్‌లో శేషజీవితం గడిపిన రామమూర్తి 1942 జనవరిలో సంక్రాంతి రోజుల్లో తుదిశ్వాస విడిచారు. సొంతగడ్డకు దూరంగా, డేరాల కోలాహలానికి దూరంగా ఆ జీవితం ముగిసింది.

ఆ వారసత్వం నేటికీ

రామమూర్తి నడయాడిన నేల బలవంతులను కనడం మానలేదు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతంలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా చరిత్రకెక్కారు. ఆ రోజు ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. 1994, 1995లలో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచిన ఆమె, సిడ్నీలో పోటీపడినది 69 కిలోల విభాగంలో. వయసుతోపాటు దేహం మారుతుంది. విభాగం మార్చుకుని, కొత్త బరువుకు తగ్గ బలాన్ని మళ్లీ కూడగట్టుకోవడం ఏళ్ల శ్రమ. విజయనగరం జిల్లా కొండవెలగాడ గ్రామం వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరు తెచ్చుకుంది. ఆ గ్రామానికి చెందిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మొదట కాంస్యం అందుకున్నారు. ఆ విభాగంలో స్వర్ణం గెలిచిన క్రీడాకారిణి నిషిద్ధ మందు వాడినట్లు తేలడంతో సంతోషి పతకం రజతంగా మారింది.

బరువు విషయంలో అడ్డదారులు తొక్కితే ఏమవుతుందో చెప్పే ఉదంతాలు మరికొన్ని ఉన్నాయి. 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు పోటీకి ముందు త్వరగా బరువు తగ్గాలని ఒంట్లోని నీటిని కోల్పోయేలా సాధన చేసి ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ తుదిపోరుకు చేరి కూడా 100 గ్రాముల అధిక బరువు కారణంగా అనర్హురాలయ్యారు. రాత్రికి రాత్రి దేహాన్ని తన ఇష్టానికి వంచాలని చూస్తే ఎంతటివారికైనా అది మాట వినదని ఈ ఘటనలు గుర్తుచేస్తున్నాయి.

ఉదయం పరుగు, సాయంత్రం కబడ్డీ, సెలవు రోజున క్రికెట్ ఆడే పల్లె పిల్లలు నేటికీ ఈ మూడు జిల్లాల్లో అడుగడుగునా కనిపిస్తారు. వారిలో బక్కగా ఉన్నవాడు లావెక్కాలని, లావుగా ఉన్నవాడు చిక్కాలని ఆత్రపడడం సహజం. వారికి రామమూర్తి జీవితం చెప్పే మాట స్పష్టం. ఒంటి బరువుతో చేసే సాధనతో మొదలుపెట్టాలి. ఇంటి తిండిని నమ్ముకోవాలి. ఊపిరిపై శ్రద్ధ పెట్టాలి. గురువు ఎదుట తప్ప పెద్ద బరువు ఎత్తరాదు. తూకం యంత్రం చూపే అంకె కంటే నిన్నటి కంటే నేడు ఒక దండీ ఎక్కువ తీయగలగడమే ముఖ్యమని గ్రహించాలి. తల్లి లేని ఒక పల్లె బాలుడు చెరువు గట్టున ఒంటరిగా మొదలుపెట్టిన కసరత్తే ఆయనను కలియుగ భీముడిని చేసింది. ఆ సాధనకు కావలసింది కాస్త నేల, తెల్లవారుజామున లేచే పట్టుదల, ఏళ్ల తరబడి ఓపిక.